సూది గుచ్చుకుని పది రోజులా? ముందు ఆ సంగతి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 21 ఏళ్లు. వరంగల్‌లో బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఇంటి అప్పుల వల్ల నాలుగు నెలలుగా ఒక ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో వారానికి నాలుగు నైట్ డ్యూటీలు చేస్తున్నాను. పగలంతా కాలేజీ, పోస్టింగులు. ఎమర్జెన్సీ పనంటే ఇష్టమే కానీ ఈ మధ్య గుండె దడ, తలనొప్పి, ప్రతిదానికీ విసుగు. రెండు నెలలుగా నెలసరి రాలేదు. నిద్ర పట్టక, సీనియర్ సిస్టర్ ఇస్తే నెల రోజులుగా అల్ప్రజోలం 0.25 వేసుకుంటున్నాను. ఎమర్జెన్సీలోనే ఉండాలా, ఎయిమ్స్ నర్సు ఉద్యోగాల పరీక్ష నార్సెట్‌కు ప్రిపేర్ అవ్వాలా, జర్మన్ నేర్చుకుని జర్మనీ వెళ్లాలా తేలడం లేదు. అన్నట్టు, పది రోజుల కిందట ఒక యాక్సిడెంట్ కేసుకు బ్లడ్ శాంపిల్ తీసి, సూదికి క్యాప్ పెడుతుంటే వేలికి గుచ్చుకుంది. బెటడిన్ రాసుకున్నాను. ఏమీ కాదు కదా?
- ఒక సోదరి, వరంగల్

జవాబు: ఓపీలో కూడా ఇంతే. పావుగంట గ్యాస్ గురించి మాట్లాడి, లేచి తలుపు దాకా వెళ్లాక ‘అన్నట్టు డాక్టర్ గారూ, ఛాతీలో కూడా నొప్పిగా ఉంటోంది’ అంటారు. మీరు ‘అన్నట్టు’ అని రాసిందే ఇక్కడ అసలు కేసు. నార్సెట్, జర్మనీ ఎక్కడికీ పోవు.

రక్తం తీసిన సూది లోపల బోలుగా ఉంటుంది, అందులో రక్తం మిగిలి ఉంటుంది. ఆ రోగికి హెచ్ఐవీ ఉంటే, ఇలా గుచ్చుకున్నవారికి సోకే అవకాశం వెయ్యికి మూడు దాకా ఉంటుంది. హెపటైటిస్ సీ కూడా ఇలా సోకవచ్చు. హెపటైటిస్ బీ అయితే టీకా లేనివారికి నూటికి 6 నుంచి 30 వరకు. అంకెలు చూసి కంగారు పడకండి, ఆ రోగికి అసలు ఏ ఇన్ఫెక్షనూ ఉండకపోవచ్చు. కానీ ‘ఉండకపోవచ్చు’ అనుకుని వదిలేసే విషయం కాదిది.

హెచ్ఐవీ రాకుండా వాడే పెప్ మందులు వీలైతే రెండు గంటల్లో, ఎంత ఆలస్యమైనా 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 28 రోజులు వాడాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. హెపటైటిస్ బీ టీకా లేనివారికి ఇచ్చే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ 24 గంటల్లో ఇస్తే మంచిది, వారం దాటితే పెద్దగా ఉపయోగం ఉండదు. మీరు మెయిల్ రాసేనాటికే ఈ రెండు గడువులూ దాటిపోయాయి. ఆ రాత్రి పది అడుగుల దూరంలో డ్యూటీ డాక్టర్ ఉండే ఉంటారు కదమ్మా! ఆయనకు చెప్పని విషయం న్యూస్ పోర్టల్‌కు రాశారు.

ఎందుకు చెప్పలేదో ఊహించగలను. ఇంకా స్టూడెంటే, డ్యూటీలోంచి తీసేస్తారేమోనని భయం. క్యాప్ ఎందుకు పెట్టావని తిడతారని ఇంకో భయం. తిట్లు రెండు నిమిషాల్లో అయిపోయేవి. ఇన్నేళ్లుగా క్యాజువాలిటీల్లో నేను చూస్తున్నది ఇదే: సూది గుచ్చుకున్నవాళ్లలో స్టూడెంట్లు, కొత్తగా చేరినవాళ్లే ఎక్కువగా దాచిపెడతారు. దాచినందువల్ల గుచ్చుకున్నది గుచ్చుకోకుండా పోదు, వైద్యం చేసే సమయం మాత్రం పోతుంది. ఇది చదివే నర్సింగ్ స్టూడెంట్లందరికీ చెబుతున్నాను. గుచ్చుకున్న వెంటనే సబ్బుతో, ధారగా పారే నీళ్లతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్, బెటడిన్ లాంటివి పూయొద్దు. వెంటనే డ్యూటీ డాక్టర్‌కు చెప్పి రిజిస్టర్‌లో రాయించండి. వాడిన సూదికి మళ్లీ క్యాప్ పెట్టకూడదని మొదటి సంవత్సరంలోనే చెబుతారు. తెల్లటి షార్ప్స్ డబ్బా చేతికి అందేంత దగ్గరలో లేకపోతే, ఉండేలా అడగండి.

ఇప్పుడు మీరు చేయాల్సింది. రేపే వరంగల్ ప్రభుత్వ ఆసుపత్రి ఎంజీఎంకు వెళ్లి, అక్కడ హెచ్ఐవీ సలహా, పరీక్షల కేంద్రమైన ఐసీటీసీలో జరిగింది చెప్పండి. వివరాలు గోప్యంగానే ఉంచుతారు, 2017 హెచ్ఐవీ చట్టం కూడా అదే చెబుతోంది. వెళ్లే ముందు ఏమైనా అడగాలనుకుంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేయవచ్చు. హెచ్ఐవీ, హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బీ), హెచ్‌సీవీ (హెపటైటిస్ సీ) పరీక్షలు ఇప్పుడు చేయించుకోవాలి. తర్వాత సాధారణంగా ఆరు వారాలకు, మూడు నెలలకు, ఆరు నెలలకు మళ్లీ చేస్తారు. మీ విషయంలో ఎప్పుడెప్పుడు అన్నది అక్కడి డాక్టర్ చెబుతారు. ఆ యాక్సిడెంట్ రోగి వివరాలు మీ క్యాజువాలిటీ రిజిస్టర్‌లో ఉంటాయి. ఆయన అనుమతితో పరీక్ష చేయించే బాధ్యత ఆసుపత్రిది, మీరు సొంతంగా ఫోన్లు చేయకండి. పెప్ మాత్రలు ఇప్పుడు ఎక్కడినుంచో సంపాదించి వేసుకోవద్దు. హెపటైటిస్ బీ టీకా మూడు డోసులూ పడ్డాయో లేదో మీరు రాయలేదు. పూర్తి కాకపోతే మిగిలినవి వేయించుకోండి. పూర్తయితే టీకా ఎంత రక్షణ ఇచ్చిందో చెప్పే రక్త పరీక్ష, యాంటీ హెచ్‌బీఎస్ టైటర్ చూడండి, 10 దాటితే రక్షణ ఉన్నట్టే. ఫలితాలన్నీ తేలేవరకు రక్తదానం వద్దు. శారీరక సంబంధం ఉంటే కండోమ్ వాడాలి. ఈ మాట అందరికీ చెబుతాను, అపార్థం చేసుకోకండి.

అల్ప్రజోలం విషయానికొస్తే, సీనియర్ సిస్టర్ మంచి మనసుతోనే ఇచ్చి ఉంటారు. అయినా అది డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడని మందు. అలవాటు పడే మందు కూడా. నెల రోజులుగా రోజూ వేసుకుంటుంటే ఇది చదివి ఈ రాత్రే ఒక్కసారిగా ఆపేయకండి. ఫిజీషియన్‌ను కలిసి మెల్లగా తగ్గించుకోవాలి. ఆ మత్తు దిగకుండా స్కూటీ నడపవద్దు. మాత్ర ఉన్నా లేకపోయినా నైట్ డ్యూటీ దిగాక ఆటోలో వెళ్లడమే మేలు.

గుండె దడకు నిద్రలేమి, కాఫీలు, రక్తహీనత, థైరాయిడ్... ఏదైనా కారణం కావచ్చు. నెలసరి ఆగడానికి మొదట ప్రెగ్నెన్సీ టెస్ట్ చేస్తాం, ఎవరికైనా అంతే. తర్వాత థైరాయిడ్‌కు టీఎస్‌హెచ్, నెలసరిని ఆపగల హార్మోన్ ప్రొలాక్టిన్, హీమోగ్లోబిన్, ఒక ఈసీజీ. నైట్ డ్యూటీల వల్లే అని ముందే తీర్మానించుకోవద్దు. దడతో పాటు కళ్లు తిరిగి పడిపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. మిమ్మల్ని చూడకుండా ఇంతకుమించి చెప్పడం సరికాదు.

ఇక మీరు అడిగిన ప్రశ్న. ఎమర్జెన్సీ మీకు పడుతుందో లేదో ఇప్పుడు తేలదు. వారంలో నాలుగు రాత్రులు నిద్రలేకుండా, పగలు క్లాసులకు వెళ్లే మనిషికి ఏ వార్డయినా విసుగే. పైగా నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకుండా రాత్రిపూట స్టాఫ్ నర్స్ పని చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఆసుపత్రి మీ వెనక నిలబడుతుందన్న నమ్మకం నాకు లేదు. క్లినికల్ పోస్టింగుల హాజరు తగ్గితే డిగ్రీయే ఆలస్యమవుతుంది. ముందు నైట్లు తగ్గించండి. అప్పుల గురించి ఇంట్లో మాట్లాడండి, స్కాలర్‌షిప్ సంగతి కాలేజీలో అడగండి. డిగ్రీ, కౌన్సిల్ రిజిస్ట్రేషన్ అయ్యాక సరైన షిఫ్టులతో ఒక ఏడాది ఎమర్జెన్సీలో పని చేసి చూడండి. అప్పటికీ నచ్చితే ఎమర్జెన్సీ నర్సింగ్‌లో ఏడాది పోస్ట్ బేసిక్ డిప్లొమా ఉంది. ఎయిమ్స్‌లో ఉద్యోగం కావాలనుకుంటే నార్సెట్ రాయవచ్చు. జర్మనీకి భాష బీ2 స్థాయి దాకా రావాలి, అది నైట్ల మధ్య నేర్చుకునేది కాదు. వివరాలకు ఏజెంట్ల దగ్గరకు పరిగెత్తే ముందు తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌లో అడగండి. విదేశాల్లో ఆసుపత్రులు నర్సులను చేర్చుకునేటప్పుడు హెపటైటిస్ బీ టైటర్ రిపోర్టు అడగడం మామూలే. కాబట్టి రేపు ఎంజీఎంలో తీసుకునే కాగితాలను ఫైల్‌లో పెట్టుకోండి. ఆరు వారాల పరీక్ష తేదీ ఫోన్‌లో అలారం పెట్టుకోండి, పరీక్షల హడావిడిలో మర్చిపోతారు.