మెషిన్ గడి గీయకముందే చూడు

అమ్ములూ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, చేత్తో పట్టుకునే ఎక్స్‌రే మెషిన్, దాంతో పాటు ఏఐ సాఫ్ట్‌వేర్ వేసుకుని పాడేరు వైపు ఊళ్ళల్లో టీబీ క్యాంపులు పెడతావట. "నువ్వైనా వద్దని చెప్పక్కా, నీ మాటైతే వింటుంది" అని ఒకటే గొడవ. వద్దనడానికి నాకు నోరు రాలేదు. ముప్పై నాలుగేళ్ళు ఛాతీ ఫిల్ములు చూసినదాన్ని, ఎక్స్‌రే ఆ ఊళ్ళకి తనే నడిచి వెళ్తుందంటే, అదీ మన పిల్ల తీసుకెళ్తుందంటే ఎంత పొంగిపోయానో. కానీ తెల్లారేదాకా నిద్ర పట్టలేదు, అందుకే ఈ ఉత్తరం.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. ఎక్స్‌రే మెషిన్లకి అనుమతిచ్చే ఏఈఆర్‌బీ వాళ్ళ కాగితాలు లేకుండా మెషిన్ కదపకు. ఆడవాళ్ళని నెల తప్పిందేమో అడక్కుండా ఫిల్ము తీయకు. తల్లులు చిన్నపిల్లల్ని కూడా తెచ్చి నిలబెడతారు, 2021లో డబ్ల్యూహెచ్‌ఓ ఈ సాఫ్ట్‌వేర్లకి సరేనన్నది 15 ఏళ్ళు, ఆ పైబడినవాళ్ళకే, కాబట్టి పిల్లల్ని పిల్లల డాక్టరు దగ్గరికి పంపు. సాఫ్ట్‌వేర్ ఇచ్చే టీబీ స్కోరు ఎక్కువొచ్చిందని అక్కడికక్కడే టీబీ అనేయకు, కఫం పరీక్షలో తేలాలి. ఎప్పుడో నయమైపోయిన మచ్చని కూడా మెషిన్ పట్టి చూపిస్తుంది. టీబీ అన్న మాట నీ నోట జారిందంటే, ఆ ఇంట్లో పిల్లకి కుదిరిన సంబంధం తప్పిపోతుంది తల్లీ.

ఇక నేను చేసిన తప్పు. మీ అమ్మకి కూడా ఎప్పుడూ చెప్పలేదు.

1989లో, ఊరు పేరు వద్దులే, ఒక పెద్దాసుపత్రిలో కొత్తగా చేరాను. కొబ్బరికాయల లారీ మీంచి పడ్డాడని ఒక క్లీనర్ కుర్రాణ్ణి తెచ్చారు, ఇరవై రెండేళ్ళుంటాయి. ఫిల్ము ఇంకా ఆరలేదు, ఫిక్సర్ నీళ్ళు నా చీర మీద కారుతున్నాయి. దానికి గుచ్చిన చీటీ మీద క్యాజువాలిటీ డాక్టరు రాసింది ఒక్క ముక్క: పక్కటెముక విరిగిందా? లైట్ బాక్స్ మీద పెట్టి చూశాను. కుడివైపు ఏడో పక్కటెముక, సన్నటి గీత. దొరికిందన్న సంతోషంలో రిపోర్టు రాసేసి తర్వాతి ఫిల్ము అందుకున్నాను.

తొమ్మిది నెలల తర్వాత అతనే నెత్తురు కక్కుకుంటూ వచ్చాడు. వెనకాల భార్య, చంకలో పసిపిల్ల, ఆమెకీ దగ్గు. నేను పరుగెత్తి పాత ఫిల్ము తీయించాను. ఎడమవైపు పైన, కాలర్ బోన్ వెనక రేగిపండంత మచ్చ, ఆ రోజూ అక్కడే ఉంది. "అప్పుడు ఫోటో బాగానే ఉందన్నారు కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు, మామూలుగా అడిగాడు. మందులు వాడి మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బతికారు గానీ, అతని ఎడమ ఊపిరితిత్తి సగం పోయింది, మళ్ళీ లారీ ఎక్కలేదు.

నేను ఆ రోజు బద్ధకించలేదు అమ్ములూ, తొందరపడనూ లేదు. చీటీ అడిగింది వెతికాను, అది దొరకగానే నా కళ్ళు ఆగిపోయాయి. అనుమానం ఉన్నచోట నీ సాఫ్ట్‌వేర్ గీసే రంగు గడి కూడా అలాంటి చీటీయే. గడి కనపడగానే కన్ను అక్కడికే పోతుంది, 'నార్మల్' అని వస్తే అసలు ఎక్కడికీ పోదు. టీబీ వెతకమని నేర్పినదానికి పక్కనున్న క్యాన్సర్ గడ్డ కనపడకపోవచ్చు. అందుకే ముందు ఉత్త ఫిల్ము నువ్వు చూడు, నీకు తోచింది రాసిపెట్టు, ఆ తర్వాతే మెషిన్ గడి తెరువు. రోజుకి వంద ఫిల్ములైతే కుదరదంటావు. కుదరని రోజు మెషిన్ నార్మల్ అన్నవాటిలోంచి కనీసం పదైనా ఏరి రాత్రి చూసుకో. ఎంబీబీఎస్ చదివింది అందుకే కదా, సాఫ్ట్‌వేర్ కంపెనీలో కూర్చుని కళ్ళు మొద్దుబారనిచ్చావా ఏంటి?

మెషిన్ కూడా నాలాగే మోసపోతుంది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే పట్టుకోమని ఒకదానికి నేర్పారు, నేర్పిన ఫిల్ముల్లో చాలామందికి అప్పటికే ఛాతీలో ట్యూబ్ వేసి ఉంది. ట్యూబ్ లేనివాళ్ళ దగ్గరికొచ్చేసరికి దాని పనితనం పడిపోయింది. మనం కాపాడాల్సింది ట్యూబ్ ఇంకా పడనివాళ్ళనే కదా! థాయ్‌లాండ్‌లో షుగర్ వల్ల కంటికి వచ్చే జబ్బు కోసం గూగుల్ వాళ్ళు ఇలాంటిదే పెడితే, నర్సులు తీసిన 1838 ఫోటోల్లో 21 శాతం బాగాలేవని అది వెనక్కి కొట్టింది, చాలా క్లినిక్కుల్లో గది వెలుతురు సరిగ్గా లేక. నీకూ ఆ బాధ తప్పదు, గూడ కదిలిన ఫిల్ములు, ఊపిరి పూర్తిగా పీల్చనివి వస్తూనే ఉంటాయి. ముందు ఆ ఊళ్ళవాళ్ళ మాటల్లో ఊపిరి పీల్చమనడం నేర్చుకో.

వచ్చిన ప్రతి మనిషి ఫోన్ నంబరు, ఊరు, పక్కింటివాళ్ళ పేరు రాసుకో. స్కోరు ఎక్కువొచ్చిన మనిషి సంతకెళ్ళి కనపడకపోతే ఏం లాభం? స్వెట్టర్ పట్టుకెళ్ళు, పూటకింత తిను.

దసరాకి వస్తావుగా. అటక మీంచి నా లైట్ బాక్స్ దింపించి ట్యూబ్‌లైట్ మార్పించాను. నా దగ్గరున్న పాత ఫిల్ములన్నీ, పేర్లు చెరిపేసినవి, సంచీలో సర్దిపెట్టాను. చీటీలు లేకుండానే ఉంచాను.

మీ పెద్దమ్మ