ముందు ఏ చెయ్యి తొడగాలి?

పెరంబూరు, చెన్నై

అమ్మాయీ,

నువ్వు పంపిన మూడు రచనలూ చదివాను. ఒకటి నెల్లూరు పెద్దాయన గురించి, ఒకటి మెరీనా గురించి, మూడోది నీ గురించి. మూడోదాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టు. సేవ చేస్తే మనసుకి ఎంత తృప్తిగా ఉంటుందో చెప్పే రచనలకి మనకి కొదవ లేదు. అవి రాయడానికి, రోజువారీ పనులు రోగులు మళ్ళీ సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే నీ ఆక్యుపేషనల్ థెరపీ చదవనక్కర్లేదు.

పెద్దాయన కథలో రెండో పేజీ అడుగున, మాటవరసకి అన్నట్టు ఒక వాక్యం రాశావు. చొక్కా వేసుకునేటప్పుడు పడిపోయిన చెయ్యి ముందు తొడగాలి, విప్పేటప్పుడు దాన్ని ఆఖరున తియ్యాలి అని. నేను చదవడం ఆపి, మా ఆయన చొక్కా ఒకటి తీసుకుని, ఎడమ చెయ్యి ఒళ్ళో వదిలేసి, ఒంటి చేత్తో వేసుకుని చూశాను. నిజమే. బాగున్న చెయ్యి ముందు దూర్చేస్తే రెండో చెయ్యి ఎక్కించడానికి గుడ్డలో సందే మిగలదు. పాఠకురాలిని కుర్చీలోంచి లేపిన వాక్యం అది. దాని చుట్టూ మాత్రం విధివంచితుడు, మోడువారిన జీవితం, కన్నీటి సుడిగుండం! అవన్నీ తీసెయ్యి. ఆయన గురించి నాకు తెలిసిందల్లా ఆ చొక్కా దగ్గరే.

ఇంకా తెలుసుకోవాలనుంది. మంచం అంచున కూర్చున్నాడా, కుర్చీలోనా? ఒళ్ళో చొక్కా పరిచినప్పుడు కాలరు ఎటు ఉంది? మోచెయ్యి దాటేదాకా చేతిని ఎలా లాక్కున్నాడు? కింది నుంచి పైకి పెట్టుకుంటే గుండీ తప్పు కాజాలోకి పోదని ఆయనకి మీరు చెప్పారా, ఆయనే కనిపెట్టాడా? అన్నిటికంటే ముఖ్యం, వాళ్ళావిడ. ఆవిడ గుండీ పెట్టబోతే మీ సీనియర్ మేడమ్ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపిందని ఒక్క ముక్కలో తేల్చేశావు. మొగుడు గుండీ కోసం తడుముకుంటుంటే చేతులు కట్టుకుని చూస్తూ కూర్చోవడం ఆవిడకి ఎంత కష్టమో ఆలోచించావా? ఆవిడ ఎటు చూస్తూ కూర్చుంది? చీర కొంగు ఏం చేసింది? నీకు తెలిసే ఉంటుంది, పక్కనే ఉన్నావు కదా.

నిజానికి ఇదంతా మీకు కాలేజీలోనే నేర్పుతారు. టీ పెట్టడమనే పనిని ముక్కలు ముక్కలుగా విడదీసి, ఏ ముక్కకి ఏ కీలు కదలాలి, ఎంత బలం కావాలి, ఎంత ధ్యాస కావాలి అని రాయిస్తారు. కథలు రాసేవాళ్ళకి ఈ చదువు ఎవరూ చెప్పరు. ఒక్కో రోగి గురించి నాలుగు గళ్ళలో సోప్ (SOAP) నోట్స్ కూడా రాస్తావు కదా. రోగి చెప్పింది ఒక గడిలో, నువ్వు చూసింది రెండో గడిలో, దాన్నిబట్టి నువ్వు అనుకున్నది మూడో గడిలో, చేయబోయేది నాలుగో గడిలో. రెండో గడిలో 'కుంగిపోయి ఉన్నాడు' అని రాస్తే మీ మేడమ్ ఊరుకుంటుందా? ఏం చూసి అలా అనుకున్నావో రాయమంటుంది. అదే నువ్వు కథలోకి వచ్చేసరికి మొదటి రెండు గళ్ళూ ఖాళీగా వదిలేసి మూడో గడి నింపుకుంటూ పోతున్నావు. నేనైతే తిరగేస్తాను. ఆయన అన్న మాటలు అన్నట్టే రాయి. నెల్లూరు మనిషి వార్తలు చదివినట్టు మాట్లాడతాడా? దుబాసీగా మధ్యలో కూర్చున్నదానివి, ఆ యాస నీ చెవిలోనే ఉంటుంది.

మెరీనా సంగతి. వీల్‌చైర్లు నీళ్ళ దాకా వెళ్ళేలా 2022 నవంబరులో అక్కడ చెక్కబాట తెరిచారు. నెల తిరక్కుండానే మాండూస్ తుఫానుకి దెబ్బతింటే బాగుచేశారు. నీ రచనలో బాట లేదు, తుఫాను లేదు, ఉప్పుగాలిలో బండి తోసిన నీ భుజాలూ లేవు. పిల్లల ముఖాలు విచ్చుకున్నాయని మాత్రం ఉంది. తడి ఇసుక తగలగానే కాళ్ళు పైకి లాగేసుకుని ఏడ్చిన పిల్లాడి గురించి ఫోన్లో చెప్పావు గుర్తుందా? స్పర్శ పడని పిల్లలకి ఇసుక ఆట కాదు, నరకం అని కూడా నువ్వే అన్నావు. రచనలో వాడు కూడా నవ్వుతున్నాడు! ఎందుకమ్మా?

పెద్దాయన పేరు మార్చాను కదా అంటావేమో. ఫలానా వీధిలో స్టీలు సామాన్ల కొట్టు అని రాశాక పేరు మారిస్తే ఎంత, మార్చకపోతే ఎంత? ఊళ్ళో అందరికీ తెలిసిపోతుంది. పైగా నువ్వు రాస్తున్నది తెలుగులో, ఆయన చదవగలడు. వేసే ముందు ఆయనకి చదివి వినిపించి, సరే అంటేనే వెయ్యి. వచ్చే నెల మానసిక చికిత్స కేంద్రానికి వాలంటీరుగా వెళ్తానన్నావు కాబట్టి ఇది కూడా తెలుసుకో. అక్కడ చికిత్సలో ఉన్నవాళ్ళ ఫొటో గానీ, మరే వివరం గానీ వాళ్ళ అనుమతి లేకుండా మీడియాకి ఇవ్వకూడదని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 24వ సెక్షన్ చెబుతోంది. సెల్ఫీలు అసలే వద్దు.

మూడోదాని బదులు ఏం రాయాలంటావా? మీ వృత్తి ఇక్కడికి ఎలా వచ్చిందో రాయి. 1950లో బొంబాయిలో మొదటి స్కూలు పెట్టిన కమలా నింబ్కర్ అమెరికాలో పుట్టి, ఇక్కడి మనిషిని పెళ్ళాడి, ఇక్కడే ఉండిపోయిన మనిషి. మా చుట్టాల్లో సగం మంది ఇప్పటికీ నీ చదువుని ఫిజియోథెరపీ అనే అనుకుంటున్నారు, వాళ్ళకీ పనికొస్తుంది.

ముందు పెద్దాయనది తిరగరాయి. పరీక్షలయ్యాకే, టెన్షన్ పడకు. వాట్సాప్‌లో పంపకు, ప్రింటు తీసి పట్టుకురా. అంచుల్లో పెన్సిల్‌తో గీతలు పెట్టందే నాకు చదివినట్టుండదు.

ఆశీస్సులతో,
ఆంటీ