కొత్త పికప్ వస్తోందట, ఆగమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఒక్క బండి గురించే. ఫోర్డ్ రేంజర్ తర్వాతి మోడల్ ఎలా ఉంటుంది, దానికోసం ఆగాలా, ఇప్పుడున్నదే కొనేయాలా? ఇరవై రెండేళ్లు పికప్‌ల కింద పడుకుని బతికినవాణ్ని నేను. బండిని పైనుంచి చూసి మురిసిపోవడం నాకు ఇప్పటికీ సరిగ్గా రాదు. కాబట్టి నా జవాబులు కూడా కిందినుంచే మొదలవుతాయి, ఏమనుకోవద్దు.

ప్రశ్న: మాస్టారూ, నా పికప్ రెండు లక్షల ఎనభై వేల కిలోమీటర్లు తిరిగింది. మార్చేద్దాం అనుకునేసరికి, "ఇదే కొత్త రేంజర్" అంటూ చారల స్టిక్కర్లు చుట్టిన బండి ఫోటోలు వాట్సాప్‌లో వచ్చిపడ్డాయి. ఒకాయన ఇక మీదట అంతా కరెంటు బండే అంటాడు. ఇంకొకాయన వెనక బరువు మోసే ఉక్కు పట్టీల కమాను కట్టలు తీసేసి వెనక కూడా కాయిల్ స్ప్రింగులు వేస్తున్నారని ఒట్టేసి చెబుతాడు. మూడు ఫోటోలు పంపుతున్నాను. వీటిని చూసి నిజంగా ఏమన్నా పట్టుకోగలమా?

జవాబు: పట్టుకోగలం. మొదట పట్టుకున్నది ఏమిటంటే, మీ మూడింట్లో ఒకటి కొత్త బండి కానే కాదు. ఇప్పుడు షోరూముల్లో ఉన్న రేంజరే. 2021 నవంబరులో దాన్ని బయటపెట్టక ముందు, రూపం తెలియకుండా ఇలాంటి చారల స్టిక్కర్లతో ముసుగేసి పరీక్షలకు తిప్పారు, అప్పటి ఫోటో అది. స్టిక్కరు సందులోంచి హెడ్‌లైటు వెలుగు ఇంగ్లిషు 'సీ' అక్షరంలా వంగి కనిపిస్తోంది చూడండి. ఆ లైటు ఇప్పటి మోడల్‌దే. పాత ఫోటోకి కొత్త పేరు పెట్టి తిప్పడం ఈ రంగంలో రోజూ జరిగే పనే.

మిగతా రెండింటి సంగతికి వద్దాం. ముసుగు బండిని చూసేటప్పుడు అందరూ స్టిక్కరు ఉన్నచోట కళ్లు పెడతారు. నేను స్టిక్కరు లేనిచోట చూస్తాను. ఆ గజిబిజి గీతలు ఉన్నది కంటిని తికమకపెట్టడానికే. వాటి కింద నురుగు ముక్కలు, ప్లాస్టిక్ డొప్పలు కూడా తగిలించి అసలు ఒంపులు కనపడకుండా చేస్తారు. ఇదంతా డబ్బూ శ్రమా పెట్టి చేసే పని కాబట్టి, మారని భాగానికి మామూలుగా ముసుగు వెయ్యరు. తలుపుల మీద, పైకప్పు మీద స్టిక్కరు లేదంటే క్యాబిన్ డొక్కు పాతదే, ముక్కూ తోకా మాత్రమే మారుతున్నాయని నా అనుమానం. మీరు పంపిన రెండో ఫోటోలో తలుపులు బోసిగా ఉన్నాయి. దాన్ని పూర్తి కొత్త మోడల్ అనడానికి నాకు నోరు రావడం లేదు.

ఇంకో చోటు చెబుతాను. ముందు చక్రం వెనక అంచు నుంచి ముందు తలుపు గీత దాకా ఉండే ఖాళీ. చాలామంది దాన్ని పట్టించుకోరు. ఇప్పటి రేంజర్‌లో ఫోర్డ్ ముందు చక్రాలను 50 మి.మీ. ముందుకు జరిపింది. ఎడమ, కుడి చక్రాల మధ్య వెడల్పు కూడా అంతే పెంచింది. ఎందుకంటే 3 లీటర్ల, ఆరు సిలిండర్ల వీ6 డీజిల్ ఇంజన్ పట్టాలి కదా. అంటే బానెట్ కింద ఏం దూరబోతోందో బానెట్ చెప్పలేదు, చక్రానికీ తలుపుకీ మధ్య ఉన్న ఆ బెత్తెడు రేకు చెప్పింది.

అలాగని మీరు స్కేలు పట్టుకుని ఫోన్ మీద కొలవడం మొదలుపెట్టకండి. నేను ఆ పిచ్చి పని చేశాను. ఫోటోలో టైరు 4 సెం.మీ. పొడవు వచ్చేలా ప్రింటు తీసుకుంటే, అసలు బండిలో 50 మి.మీ. తేడా కాగితం మీద రెండున్నర మిల్లీమీటర్లు ఉంటుంది. పెన్సిల్ గీత మందమే అరమిల్లీమీటరు. పైగా ఫోటో తీసినవాడు ఒక అడుగు పక్కకి నిలబడితే లెక్క మొత్తం తారుమారు. "వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) ఇన్ని మిల్లీమీటర్లు పెరిగింది" అని ఒక్క ఫోటో చూసి రాసేవాళ్ల ధైర్యానికి దణ్ణం.

ఇక కమాను కట్టల సంగతి. వెనకనుంచి కాస్త కింద కోణంలో తీసిన ఫోటో దొరికితే ఇది తేల్చడం సులువు. కమాను ఉంటే దాని వెనక కొస ఛాసిస్‌కి తగిలించిన బిళ్ల, యాక్సిల్ దాటాక కిందికి వేలాడుతూ కనిపిస్తుంది. కాయిల్ ఉంటే అక్కడ ఏమీ ఉండదు, ఖాళీగా ఉంటుంది. మీ మూడో ఫోటోలో ఆ బిళ్ల ఉంది. కాబట్టి ఆ ఒట్టేసిన పెద్దమనిషిని ఒట్టు వెనక్కి తీసుకోమనండి. నిజానికి ఇది అయితే కమాను, కాకపోతే కాయిల్ అన్నట్టు తేలే వ్యవహారం కూడా కాదు. టొయోటా వాళ్ల టకోమా పికప్ 2024 మోడల్‌లో ఖరీదైన రకాలకు కాయిల్ ఇచ్చి, చవక రకాలకు కమానే ఉంచారు. రేంజర్‌లోనూ ఇప్పటికే, గతుకుల దారుల్లో దూకుడుగా నడపడానికి చేసిన రాప్టర్ రకానికి వెనక కాయిల్, మామూలు బండికి కమాను. టన్ను బరువు వేసుకుని తిరిగేవాడికి కమాను చవక, మొండిది, విరిగితే ఒక పట్టీ మార్చుకుంటే సరిపోతుంది. తొట్టిలో వారానికోసారి సైకిలు వేసుకునేవాడికి కాయిల్ హాయి. వచ్చే రేంజర్‌లో కూడా రెండూ పక్కపక్కనే ఉంటాయని నా అంచనా.

కరెంటు బండి మాట నేను అంత తేలిగ్గా కొట్టిపారెయ్యను. రేంజర్‌లో ప్లగ్ పెట్టి ఛార్జ్ చేసుకునే హైబ్రిడ్ ఇప్పటికే వచ్చింది. 2.3 లీటర్ల పెట్రోల్ ఇంజన్, దానికి తోడు 11.8 కిలోవాట్ అవర్ల బ్యాటరీ. వెనక ట్రైలర్ తగిలిస్తే 3,500 కిలోలు లాగే సామర్థ్యం తగ్గకుండా చేశారు. కానీ "అంతా కరెంటే" అనేవాళ్లు 2025 నవంబరులో టొయోటా బయటపెట్టిన కొత్త హైలక్స్ పికప్‌ను ఒకసారి చూడాలి. దాని బ్యాటరీ రకానికి 59.2 కిలోవాట్ అవర్లు, లాగుడు 1,600 కిలోలు. అదే హైలక్స్ డీజిల్ 3,500 లాగుతుంది. అందుకే టొయోటా డీజిల్‌ను తీసెయ్యలేదు, పక్కనే ఉంచింది. ఫోర్డ్ వాళ్లకు మాత్రం ఈ లెక్క తెలియదా?

ఆగాలా వద్దా అన్నారు. పికప్ తరాలు కార్లలాగా తొందరగా మారవు. పాత రేంజర్ 2011లో వచ్చింది, ఇప్పటిది 2021లో బయటపడింది. హైలక్స్ 2015, ఆ తర్వాత 2025. టకోమా 2015, ఆ తర్వాత 2023. ఈ లెక్కన చూస్తే అసలు కొత్త రేంజర్ 2029కి ఇవతల వస్తుందని నేను అనుకోను. మధ్యలో వచ్చేవి గ్రిల్లు, లైట్ల మార్పులు. రెండు లక్షల ఎనభై వేలు తిరిగిన ఇంజన్ అన్నాళ్లు ఓపిక పడుతుందో లేదో మీకే తెలియాలి. పొద్దున్నే స్టార్ట్ చేయగానే నీలం పొగ వస్తోందా? వస్తుంటే ఆగకండి.

ప్రశ్న: కొత్త మోడల్ రాగానే మొదటి బ్యాచ్‌లోనే తీసుకుంటే మంచిదా సార్?

జవాబు: నేను ఒకసారి తీసుకున్నాను. కంపెనీ పేరు ఎందుకులెండి. రెండేళ్లు ఆగి, పుకార్లన్నీ కత్తిరించి ఫైల్లో పెట్టుకుని, వచ్చిన మొదటి నెలలోనే కొన్న బండి. పుకార్లు చాలావరకు నిజమయ్యాయి కూడా. ఎవరూ ముందుగా చెప్పనిది ఒకటే, తొట్టి వెనక తలుపు తాళానికి వెళ్లే తీగ. కొత్తగా సెంట్రల్ లాక్ ఇచ్చాం అని గొప్పగా చెప్పుకున్నారు. ఆ తీగ కీలు పక్కనుంచి వెళ్తుంది. తలుపు పూర్తిగా దించినప్పుడల్లా అది బిగుసుకుని లాగేది. నాలుగు నెలలకు తెగింది. ఆ రోజు తొట్టి నిండా సామాను, తలుపు తెరుచుకోదు. సామాను ఒక్కొక్కటీ పక్కల మీదుగా ఎత్తి దించాను. నడుం పట్టేసి వారం రోజులు ఇబ్బంది పడ్డాను.

తీగ మార్చారు, మళ్లీ తెగింది. మరుసటి ఏడాది వేరే పని మీద వెళ్లినప్పుడు కొత్తగా వచ్చిన తీగను పాతదాని పక్కన పెట్టి చూశాను. నాలుగు వేళ్లు పొడవు పెంచారు, అంతే. తప్పు జరిగిందని ఎక్కడా ఒప్పుకోలేదు, మాట్లాడకుండా పొడవు పెంచేశారు. అప్పటినుంచి నా పద్ధతి ఒకటే. మొదటి ఏడాది ఎవరైనా కొననీ, రెండో ఏడాది నేను కొంటాను.

ప్రశ్న: బొమ్మ చూసి అది నిజం బండా, కంప్యూటర్‌లో గీసిందా చెప్పడం ఎలా?

జవాబు: టైరుకీ దాని పైనున్న మడ్‌గార్డుకీ మధ్య వేలు దూరే సందు లేకపోతే అది గీసిందే. నిజం పికప్‌కి బురద పట్టాలి, బరువు పడితే తొట్టి కిందికి దిగాలి, అందుకని అక్కడ పిడికిలి దూరుతుంది.

ప్రశ్న: రేంజర్, ఫోక్స్‌వ్యాగన్ అమరాక్ ఒకటేనట కదా? మరి ఒకదాని గురించి పుకారు వస్తే రెండోదానికీ వర్తిస్తుందా?

జవాబు: ఇప్పటి అమరాక్ రేంజర్ పునాది మీద కట్టిందే, 2022లో వచ్చింది. ఇలాంటి కాపురాలు ఈ రంగంలో మామూలే. మాజ్దా బీటీ-50 ఒకప్పుడు రేంజర్‌తో ఉండేది, 2020లో ఇసుజు డీ-మాక్స్ ఇంటికి మారింది. మెర్సిడెస్ ఎక్స్-క్లాస్ నిస్సాన్ నవారా మీద 2017లో పుట్టి, 2020కల్లా కథ ముగించుకుంది. కాబట్టి ఛాసిస్, ఇంజన్ల గురించి వచ్చే పుకారు రెండిటికీ కొంతవరకు పనికొస్తుంది. డాష్‌బోర్డు, సీట్ల గురించి వచ్చేది పనికిరాదు, అవి ఎవరివి వాళ్లు చేసుకుంటారు. అసలు చూడాల్సిన వార్త ఏ బంధం తెగుతోంది, ఏది కలుస్తోంది అన్నది. ఛాసిస్ ఎవరిదో తేలితే సగం బండి తేలినట్టే.

ప్రశ్న: పెద్ద ఇంజన్లు తీసేస్తున్నారంటే మనసుకు కష్టంగా ఉంది. పుకారే అని ధైర్యం చెప్పండి.

జవాబు: అమెరికా పికప్ రామ్ 1500 కథ వినండి. హెమీ అని పిలిచే 5.7 లీటర్ల, ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజన్‌ని 2025 మోడల్‌లో తీసేశారు. దాని బదులు 3 లీటర్ల, ఆరు సిలిండర్ల ట్విన్ టర్బో ఇంజన్ ఇచ్చారు. కాగితం మీద కొత్తదే బలమైంది. అయినా కొనేవాళ్లు గోల చేశారు, 2026 మోడల్‌కి వీ8 తిరిగొచ్చింది. కంపెనీయే ఏడాదికోసారి మనసు మార్చుకుంటుంటే పుకారు రాసేవాణ్ని ఏమనగలం? మీ కష్టం మాత్రం నాకు అర్థమవుతుంది. ఆ ఇంజన్ చప్పుడు నాకూ ఇష్టమే, పెట్రోల్ పోసేది నేను కానంతవరకు.

ప్రశ్న: కంపెనీలు అన్నీ కావాలనే లీక్ చేస్తాయని మా స్నేహితుడి వాదన. మీరేమంటారు?

జవాబు: కొన్ని చేస్తాయి. కానీ పెద్ద సంగతిని దాచాలనుకుంటే అద్భుతంగా దాస్తాయి కూడా. 2015 మోడల్ ఎఫ్-150 అనే తన పెద్ద పికప్‌కి ఫోర్డ్ అల్యూమినియం బాడీ పెట్టింది, ఏకంగా 300 కిలోలకు పైగా బరువు తగ్గించామని చెప్పింది. అది బయటపడక ముందే అల్యూమినియం తొట్లను మామూలు బండ్లకు బిగించి, గనుల్లోనూ నిర్మాణ పనుల్లోనూ వాడే కంపెనీలకు ఇచ్చారు. అల్యూమినియం అని వాళ్లకు చెప్పలేదు. పనివాళ్లు ఎప్పటిలాగే రాళ్లూ పనిముట్లూ తొట్లోకి విసిరారు, ఆ తొట్లు ఏమాత్రం తట్టుకుంటాయో ఫోర్డ్ వాళ్లు చూసుకున్నారు. దానికి స్టిక్కరు లేదు, చారలు లేవు. రోడ్డు పక్కన ఎవరైనా కెమెరా పట్టుకుని నిలబడినా మామూలు పికప్ అనుకుని వదిలేసేవాడు. మీ స్నేహితుడికి ఈ ముక్క చెప్పండి. వాదన ఆపడనుకోండి, కాసేపు ఆలోచిస్తాడు.

ప్రశ్న: మా తొమ్మిదేళ్ల మనవడు రాబోయే రేంజర్ ఇలా ఉండాలని గీసిన బొమ్మ పంపుతున్నాను. తొట్టిలోకి ఎక్కడానికి వెనక చక్రం దగ్గర మెట్టు కూడా పెట్టాడు. వాడి ఊహ ఎలా ఉంది?

జవాబు: మీ మనవడు నాలుగేళ్లు ఆలస్యంగా పుట్టినట్టున్నాడు. వెనక చక్రం వెనకాల, తొట్టి పక్కన మెట్టు ఇప్పటి రేంజర్‌లోనే ఉంది. జనం టైరు మీద కాలేసి తొట్టిలోకి ఎక్కడం చూసి పెట్టిన మెట్టు అది. అదే బుర్ర వీడికీ ఉందన్నమాట. నేను ఇరవై రెండేళ్లు ఆ టైరు మీద కాలేసి జారుతూనే ఉన్నాను, మెట్టు పెట్టొచ్చన్న ఆలోచన ఒక్కనాడూ రాలేదు. లైట్లు బాగున్నాయి, రంగు ఇంకా బాగుంది. స్టెప్నీ మాత్రం మర్చిపోయాడు. తొట్టి కింద గీయించి మళ్లీ పంపండి.