నైట్ రైడర్ కారు లైటు: వెలుగు వెనక తోక రాకపోతే

ఆర్డుయినో ఊనోకు (కోడ్‌తో నడిచే చిన్న సర్క్యూట్ బోర్డు) ఎనిమిది ఎల్‌ఈడీలు తగిలించి నైట్ రైడర్ లైటు చేశారు, కానీ వెలుగు వెనక తోక రావట్లేదన్నారు. మీ ఎల్‌ఈడీలు టక్కున ఆరిపోతున్నాయి, అందుకే చుక్కలు గెంతుతున్నట్టు కనిపిస్తోంది. 1982లో మొదలైన నైట్ రైడర్ టీవీ సీరియల్లో కిట్ అనే కారు ముందు పరిగెత్తినవి ఫిలమెంట్ బల్బులు. కరెంటు ఆగినా ఫిలమెంట్ చల్లారేదాకా ఎర్రగా మిణుకుమంటుంది. మనల్ని టీవీకి కట్టిపడేసిన అందమంతా ఆ జాడలోనే ఉంది. దాన్ని కోడ్‌తో తేవాలి.

1. ఎనిమిది ఎల్‌ఈడీలకూ విడివిడిగా 0 (ఆరినట్టు) నుంచి 255 (పూర్తి వెలుగు) దాకా వెలుగు విలువలు పెట్టుకోండి.

2. ప్రతి 20 మిల్లీసెకన్లకు అన్నిటినీ పావు వంతు తగ్గించండి. ప్రతి 80కి పక్క ఎల్‌ఈడీని 255 చేయండి.

3. చాలామంది ఇక్కడే చిక్కుకుంటారు. ఆర్డుయినో ఊనోలో పీడబ్ల్యూఎం (వెలుగును కొద్దికొద్దిగా తగ్గించగల) పిన్నులు ఆరే: 3, 5, 6, 9, 10, 11. మీరు వాడింది 2 నుంచి 9 దాకా పిన్నులు. అంటే 2, 4, 7, 8 పిన్నుల్లో విలువ 128 కంటే తగ్గగానే లైటు పూర్తిగా ఆరిపోతుంది, 128 గానీ ఆపైన గానీ ఉంటే పూర్తిగా వెలుగుతుంది. ఎర్రర్ ఏమీ రాదు కాబట్టి తప్పు కోడ్‌లో ఉందనుకుని గంటలు పోతాయి.

4. ఆర్డుయినో మెగా బోర్డు దొరికితే అందులో 2 నుంచి 13 దాకా అన్నీ పీడబ్ల్యూఎమ్మే. వైర్లు అవే నంబర్లకు మార్చి, అదే కోడ్ ఎక్కించండి.