బిల్డ్ అయింది, లోడ్ కాలేదు: నోడ్ యాడాన్ల లింకింగ్ చిక్కులపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఉబుంటులో నోడ్-జిప్‌తో (యాడాన్లను కట్టే సాధనం) నోడ్.జెఎస్‌కి సి++ యాడాన్, అంటే అదనపు మాడ్యూల్, కట్టాను. ఒక్క ఎర్రర్ రాలేదు. జావాస్క్రిప్ట్‌లో రిక్వైర్ చేయగానే మాత్రం 'అన్‌డిఫైన్డ్ సింబల్' అంటూ, అండర్‌స్కోర్ జెడ్‌తో మొదలయ్యే పొడవాటి పేరొకటి చూపించి ఆగిపోతోంది. కంపైల్ అయిన ముక్కలను కలిపే లింకింగ్‌లోనే దొరకాల్సిన తప్పు ఇంతదాకా ఎందుకు దాగింది? (వరంగల్ పాఠకుడు)

జవాబు: డాట్ నోడ్ ఫైలు నిజానికి ఒక షేర్డ్ లైబ్రరీ. మీరు పిలిచే వి8 (నోడ్‌లోని జావాస్క్రిప్ట్ ఇంజిన్), నోడ్-ఏపీఐ (యాడాన్ల కోసం నోడ్ ఇచ్చే స్థిరమైన ఇంటర్‌ఫేస్) ఫంక్షన్లు అందులో ఉండవు. అవి నోడ్ ప్రోగ్రాంలో ఉంటాయి, ఫైలు లోడ్ అయ్యేటప్పుడు అక్కణ్నుంచి అందుతాయి. లినక్స్ లింకర్ షేర్డ్ లైబ్రరీ కట్టేటప్పుడు దొరకని పేర్లను మామూలుగానే వదిలేస్తుంది కాబట్టి ఈ పద్ధతి సాగుతోంది. మ్యాక్‌లో నోడ్-జిప్ లింకర్‌కి 'డైనమిక్ లుకప్' ఆప్షన్ ఇచ్చి ఇదే ఏర్పాటు చేస్తుంది. చిక్కేమిటంటే, లింకర్‌కి ఏది నోడ్ ఫంక్షనో, ఏది మీరు రాయడం మరిచిన ఫంక్షనో తెలియదు. రెండింటినీ ఒకేలా వదిలేస్తుంది.

కాబట్టి ముందు ఆ పేరెవరిదో తేల్చండి. 'సి++ఫిల్ట్' కమాండ్‌కి ఆ పొడవాటి పేరు ఇస్తే అసలు రూపం చెబుతుంది. అది మీ సొంత ఫంక్షన్ అయితే నూటికి తొంభై సార్లు బిల్డ్ వివరాలు రాసే బైండింగ్.జిప్ ఫైల్లోని 'సోర్సెస్' జాబితాలో ఆ ఫైలు చేర్చి ఉండరు. ఫంక్షన్ ప్రకటన ఉన్న హెడర్ ఫైలు దొరికింది కాబట్టి కంపైలర్ ఊరుకుంది, అంతే.

అది సి లైబ్రరీ ఫంక్షన్ అయి, బ్రాకెట్లలో ఆర్గ్యుమెంట్ల టైపులతో సహా కనిపించిందా? అదే ఆధారం. సిలో పేర్లకు టైపులు తగిలించే పద్ధతి లేదు. అంటే మీ సి++ కోడ్ ఆ హెడర్‌ను సి++ హెడర్‌గా చదివింది. ఇన్‌క్లూడ్ లైన్ చుట్టూ ఎక్స్‌టర్న్ "సి" బ్లాక్ పెట్టండి.

పేరులో 'సిఎక్స్ఎక్స్11' అన్న ముక్క ఉంటే కథ వేరు. 2015లో వచ్చిన జీసీసీ 5 కంపైలర్‌తో సి++ స్ట్రింగ్ లోపలి అమరిక మారింది. లైబ్రరీ పాత అమరికతో, యాడాన్ కొత్త అమరికతో కంపైల్ అయితే ఒకే ఫంక్షన్‌కి రెండు పేర్లు పుడతాయి. లైబ్రరీని కొత్త కంపైలర్‌తో మళ్లీ కట్టడమే మేలు. మ్యాక్రోతో పాత అమరికకు దిగవచ్చు గానీ, పక్కనున్న మరో లైబ్రరీతో అదే గొడవ మొదలవుతుంది.

రన్ చేసేదాకా ఆగక్కర్లేదు. 'ఎల్‌డిడి' కమాండ్‌కి చిన్న ఆర్ ఆప్షన్ ఇచ్చి డాట్ నోడ్ ఫైలు మీద నడపండి. దొరకని సింబల్స్ అన్నీ వరసగా వస్తాయి. వాటిలో నాపి (నోడ్-ఏపీఐ), వి8, నోడ్, యూవీ (నోడ్‌లోని లిబ్‌యూవీ) పేర్లను తీసేయండి, అవి సహజంగానే దొరకవు. మిగిలినవి చాలావరకు నిజమైన తప్పులే. ప్రతి బిల్డ్ తర్వాతా ఈ ఒక్క పరీక్ష చేయడం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: ఎస్‌క్యూలైట్ డేటాబేస్ లైబ్రరీ మెషీన్లో ఉంది. అయినా లింకర్ 'కెనాట్ ఫైండ్ -ఎల్‌ఎస్‌క్యూలైట్3' అంటోంది. సొంతంగా కట్టుకున్న మరో లైబ్రరీకి ప్రాజెక్టులోని లిబ్ ఫోల్డర్ దారి ఇచ్చినా అదే మాట. (విజయవాడ పాఠకురాలు)

జవాబు: రెండూ వేర్వేరు తప్పులు. మామూలు ప్యాకేజీలో చివర సున్నా ఉన్న డాట్ ఎస్ఓ డాట్ 0 ఫైలు ఉంటుంది, నడిచే ప్రోగ్రాంలకు అది చాలు. లింకర్ వెతికేది అంకె లేని డాట్ ఎస్ఓ పేరు. అది, హెడర్లు 'లిబ్‌ఎస్‌క్యూలైట్3-డెవ్' ప్యాకేజీలో వస్తాయి. అది ఇన్‌స్టాల్ చేయండి.

రెండోది దారి తప్పు. లింకింగ్ జరిగేది ప్రాజెక్టు ఫోల్డర్లో కాదు, దాని కింది బిల్డ్ ఫోల్డర్లో. మీరు చుక్కతో మొదలుపెట్టిన దారి అక్కణ్నుంచి లెక్కపడుతుంది. బైండింగ్.జిప్‌లో 'మాడ్యూల్ రూట్ డిర్' వేరియబుల్‌తో పూర్తి దారి రాయండి.

ఆ లైబ్రరీ డాట్ ఏ (స్టాటిక్ లైబ్రరీ) ఫైలయితే తర్వాత 'రీకంపైల్ విత్ -ఎఫ్‌పిఐసి' అనే ఎర్రర్ రావచ్చు. యాడాన్ మెమరీలో ఎక్కడైనా కూర్చోవాలి, స్థిరమైన అడ్రసులు పట్టుకున్న కోడ్ అందులో ఇమడదు. ఈ ఆప్షన్ యాడాన్‌కి ఇస్తే ఉపయోగం లేదు, లైబ్రరీని కంపైల్ చేసేటప్పుడే ఇవ్వాలి. సీమేక్ వాడితే 'పొజిషన్ ఇండిపెండెంట్ కోడ్' సెట్టింగ్ ఆన్ చేయండి. డాట్ ఏ ఫైళ్లు ఒకటికి మించి ఉంటే వాడుకునేది ముందు, అందించేది తర్వాత రాయండి.

డాట్ ఎస్ఓ అయితే లోడ్ అయ్యేటప్పుడు కూడా అది దొరకాలి. డాట్ నోడ్ పక్కనే కాపీ చేసి, ఆర్‌పాత్‌లో (లోడ్ అయ్యేటప్పుడు లైబ్రరీలను వెతికే దారి) డాలర్ గుర్తుతో ఆరిజిన్ అని ఇవ్వండి. తర్వాత 'రీడ్‌ఎల్ఫ్'తో చూడండి. ఆరిజిన్ మొదటి అక్షరం ఎగిరిపోయి మిగతాదే కనిపిస్తే డాలర్‌తో పాటు ఆ అక్షరాన్నీ 'మేక్' బిల్డ్ సాధనం మింగేసిందన్నమాట. డాలర్‌ను రెండుసార్లు రాసి, షెల్ కూడా ముట్టకుండా కొటేషన్లో పెట్టండి.

ప్రశ్న: లినక్స్‌లో నడిచే యాడాన్ విండోస్‌లో ఎల్‌ఎన్‌కె2038 అనే లింకర్ ఎర్రర్‌తో ఆగిపోతోంది. (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: విండోస్ లింకర్ లినక్స్‌లా ఉదారం కాదు. ప్రతి పేరూ అక్కడే దొరకాలి. అందుకే నోడ్-జిప్ మీ నోడ్ వెర్షన్‌కి తగిన నోడ్.లిబ్ ఫైలు తెచ్చుకుంటుంది. 2038 ఎర్రర్‌లో 'రన్‌టైమ్ లైబ్రరీ' అన్న మాట ఉందేమో చూడండి. నోడ్ యాడాన్లు మామూలుగా ఎంటీ, అంటే స్టాటిక్ రన్‌టైమ్‌తో కంపైల్ అవుతాయి. మీ లైబ్రరీ ఎండీ, అంటే డైనమిక్ రన్‌టైమ్‌తో కట్టి ఉంటుంది. విసిపికెజి (సి++ లైబ్రరీల ప్యాకేజీ మేనేజర్) వాడితే 'ఎక్స్64-విండోస్-స్టాటిక్' ట్రిప్లెట్‌తో మళ్లీ తెచ్చుకోండి. లైబ్రరీ ఎండీలోనే దొరికితే యాడాన్‌ని మార్చాలి: రన్‌టైమ్ లైబ్రరీ విలువ 2 చేసి, కాన్ఫిగరేషన్స్ కింద రిలీజ్‌లో రాయండి. పైన టార్గెట్‌లో రాస్తే నోడ్ సొంత సెట్టింగే నెగ్గుతుంది.

పేరు దొరకలేదనే ఎల్‌ఎన్‌కె2019 ఎర్రర్లు పుంఖానుపుంఖంగా వస్తే వాటిని చదవకండి. పైకి వెళ్లి 4272 వార్నింగ్ ఉందేమో వెతకండి. ఉంటే 32 బిట్ లైబ్రరీని 64 బిట్ బిల్డ్‌కి ఇచ్చారని అర్థం.

ప్రశ్న: నోడ్ 18 నుంచి 20కి మారాక యాడాన్ లోడ్ కావడం లేదు. 108, 115 అనే అంకెలేవో చూపిస్తోంది. (బెంగళూరు నుంచి ఒక పాఠకుడు)

జవాబు: ఇది లింకింగ్ తప్పు కాదు. 108 నోడ్ 18 మాడ్యూల్ వెర్షన్, 115 నోడ్ 20ది. 'ఎన్‌పిఎం రీబిల్డ్' చాలు. నోడ్ 22కి వెళ్తే 127, మళ్లీ ఇదే పని. వి8ని నేరుగా పిలవడం మాని నోడ్-ఏపీఐ మీదికి మారిస్తే, ఒకసారి కట్టిన ఫైలు తర్వాతి వెర్షన్లలోనూ లోడ్ అవుతుంది. ఆల్పైన్ కంటైనర్‌కి మాత్రం ఇది వర్తించదు. అక్కడి సి లైబ్రరీ మజిల్, ఉబుంటుది జీలిబ్‌సి. ఉబుంటులో కట్టిన ఫైలు అక్కడికి మోయకుండా ఆల్పైన్‌లోనే కట్టండి.