వైరు లావు గురించి రాసిన తమ్ముడికి

తమ్ముడూ,

బోటులో ఇంజను స్టార్ట్ చెయ్యడానికి ఒకటి, లైట్లకీ జీపీఎస్‌కీ ఒకటి అని రెండు బ్యాటరీలు పెట్టుకుంటే ఎంత లావు వైరు వెయ్యాలో రాసిన నీ వ్యాసం చదివాను. శీర్షిక బాగుంది, మార్చకు. మైపాడు తీరాన సూర్యోదయం గురించిన మొదటి పేరా మాత్రం కొట్టెయ్. నీ వ్యాసం తెరిచేవాడు జువ్వలదిన్నెలోనో కృష్ణపట్నంలోనో బోటు ఒడ్డున ఆపుకుని, వైరు కొనడానికి నెల్లూరు ట్రంకు రోడ్డుకు బయల్దేరేవాడు. సూర్యోదయాలు అతను నీకంటే ఎక్కువే చూసుంటాడు. ఆ చోటులో ఇది 12 వోల్టుల బోట్ల సంగతి అని ఒక ముక్క రాయి. పెద్ద బోట్లలో 24 వోల్టులూ ఉంటాయి, ఆ లెక్క వేరు.

నేను ఆగిపోయింది మూడో పేరా దగ్గర. "రెండో బ్యాటరీకి 16 స్క్వేర్ వైరు సరిపోతుంది" అన్నావు (స్క్వేర్ అంటే రాగి అడ్డుకోత చదరపు మిల్లీమీటర్లలో). ఎవరి బోటుకి? నువ్వు చూసిన బోటులో అది నిజమే అయ్యుండొచ్చు. కానీ చదివేవాడు ఆ 16 ఒక్కటే చీటీ మీద రాసుకుని కొట్టుకి పోతాడు. ఎన్ని ఆంపియర్లకు, ఎన్ని మీటర్లకు అన్నది నీ దగ్గరే ఉండిపోతుంది. ఇలాంటి రాతల్లో అంకెనీ దాని షరతునీ ఒకే వాక్యంలో పెట్టాలి, విడదీసి రాసుకోవడానికి వీల్లేకుండా.

లెక్క పెడితే జనం చదవరని నీకెవరో చెప్పినట్టున్నారు. డీజిలు ఖర్చు, చేపల వాటాలు నోటితో తేల్చేసేవాళ్లు నాలుగు గుణకారాలకు బెదిరిపోతారా? అడుగున చేరిన నీళ్లు తోడే పంపుతో మొదలుపెట్టు. అది 8 ఆంపియర్లు లాగుతుంది, బ్యాటరీకి 6 మీటర్ల దూరంలో ఉంది అనుకో. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి, అందుకని 12 మీటర్లు. మీటరు పొడవున్న ఒక స్క్వేర్ రాగి తీగ నిరోధం సుమారు 0.0175 ఓములు. దాన్ని 12తో, 8తో గుణిస్తే 1.68. ఇక వైరు ఎన్ని స్క్వేర్లయితే దానితో భాగించడమే. 2.5 వేస్తే 0.67 వోల్టులు దారిలోనే పోతాయి, 4 వేస్తే 0.42, 6 వేస్తే 0.28. పంపు, దారి (నావిగేషన్) లైట్లు, వైర్‌లెస్ సెట్టు లాంటి ప్రాణాధారమైన వాటికి నష్టం 3 శాతం దాటకూడదని, మిగతా వాటికి 10 శాతం దాకా ఫరవాలేదని అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ ప్రమాణం. 12లో 3 శాతం అంటే 0.36. అంటే ఈ పంపుకి, ఈ దూరానికి 6 స్క్వేర్.

ఇక్కడ ఇంకో రెండు వాక్యాలు ఖర్చుపెట్టు. ఇళ్లకు వైరింగ్ చేసే అతన్ని అడిగితే 8 ఆంపియర్లకు 2.5 చాలంటాడు. వేడి వరకు చూస్తే అతని మాట నిజమే, ఆ వైరు కాలదు. కానీ ఇంట్లో 230 వోల్టుల్లో ముప్పావు వోల్టు పోతే ఫ్యాను కూడా గమనించదు. 12లో పోతే పంపు నీరసపడుతుంది. వేడికి ఒక లెక్క, వోల్టేజి నష్టానికి ఒక లెక్క, రెంటిలో ఏది లావు వైరు అడిగితే అది వెయ్యాలి. దూరం కొలిచేది కూడా టేపు గాలిలో చాచి కాదు, వైరు వంపులు తిరుగుతూ పోయే దారి వెంట అని చెప్పు.

ఇప్పుడు అసలు తిరకాసు. మూడో పేరాలో రెండో బ్యాటరీకి 16 స్క్వేర్ అన్నావు. ఆరో పేరాలో "సెల్ఫ్ బ్యాటరీ దిగిపోతే స్విచ్ రెండింటి మీదికి తిప్పి ఇంజను స్టార్ట్ చేసుకోవచ్చు" అన్నావు. రెండూ పక్కపక్కన పెట్టి చదివి చూడు. స్విచ్ అలా తిప్పిన క్షణంలో, ఇంజనును తిప్పి స్టార్ట్ చేసే సెల్ఫ్ మోటారు లాగే కరెంటు దాదాపు అంతా ఆ 16 స్క్వేర్ గుండానే రావాలి. డీజిలు ఇంజను సెల్ఫ్ వందల ఆంపియర్లు లాగుతుంది. 300 అనుకుని, రానూపోనూ 8 మీటర్లు వేసి చూడు. 2.6 వోల్టులు వైరులోనే ఆవిరి. అంత లోడుకి బ్యాటరీ కూడా కుంగుతుంది కాబట్టి మోటారుకి మిగిలేది చాలదు, టక్కుమని శబ్దం వచ్చి ఆగిపోతుంది. 50 స్క్వేర్ అయితే నష్టం 0.84. లైట్లకీ జీపీఎస్‌కీ పెట్టిన బ్యాటరీ కదా అని సన్నవైరు వేసేవాళ్లు చాలామంది. ఏ వైరులోనైనా ఎప్పుడో ఒక్కసారి సెల్ఫ్ కరెంటు నడిచే వీలుంటే, దాన్ని సెల్ఫ్ వైరుగానే చూడాలి. నెగెటివ్ వైరు కూడా అంతే, నల్లది కదా అని సన్నది వెయ్యకూడదు. ఇలాంటి వ్యాసం పూర్తయ్యాక నువ్వే కరెంటువై ఒక్కో వైరు వెంట నడిచి చూసుకో. ఎక్కడ ఇరుకవుతుందో నీకే తెలుస్తుంది.

బ్యాటరీలను చార్జింగ్ కోసం కలిపే రిలే గురించి నువ్వు రాసింది సరిగానే ఉంది. ఇంజను నడిచి వోల్టేజి 13.3 దగ్గరికి రాగానే కలపడం, 12.8కి దిగితే విడగొట్టడం, చాలా రిలేలు దాదాపు ఇలాగే పనిచేస్తాయి. దాన్ని కదిలించకు.

గేజ్ పట్టిక మాత్రం పూర్తిగా తీసెయ్. అమెరికా గేజ్‌లో అంకె పెరిగేకొద్దీ వైరు సన్నబడుతుంది, వాళ్ల 4 గేజ్ మన లెక్కలో దాదాపు 21 స్క్వేర్. నీ పట్టికలో "4" చూసి మనవాడు కొట్లో 4 స్క్వేర్ అడిగితే? అది మంటపెట్టే పొరపాటు. పాత ఎలక్ట్రీషియన్లు ఇప్పటికీ సెవెన్ ట్వెంటీ (పాత బ్రిటిష్ లెక్కలో 20 గేజ్ పోగులు ఏడు) అంటారు, అది నాలుగున్నర స్క్వేర్ పైచిలుకు. కొట్లో నడిచే మాట స్క్వేర్, వ్యాసమంతా దాంతోనే నడిపించు.

"ఉప్పుగాలికి రాగి పాడవుతుంది" అని రాసి వదిలేశావు. ఇసకపల్లి ఉప్పు మడుల పక్కన ఉండేవాళ్లకు ఆ మాట కొత్తా? లగ్గు (వైరు చివర బిగించే లోహపు ముక్క) దగ్గర రెండు వేళ్ల మేర తొడుగు చీల్చి చూపించు. పైన తొడుగు ఎర్రగా నిగనిగలాడే వైరు లోపల నల్లబడి, వేలితో తడితే పొడి రాలుతుంది. అది చదివాక తగరం పూత ఉన్న రాగి ఎందుకో, లగ్గు క్రింప్ చేశాక (నొక్కి బిగించాక) వేడికి ముడుచుకునే గొట్టం ఎందుకో నువ్వు వాదించక్కర్లేదు. రాగి పూత పూసిన అల్యూమినియం వైర్లూ అమ్ముతారు. పోగును బ్లేడుతో గీకితే తెల్లగా బయటపడుతుంది. కానీ ఒక చిక్కుంది, తగరం కూడా తెల్లగానే ఉంటుంది. అందుకని పోగును గీకడం కాదు, కోసి మధ్యలో చూడమని రాయి. మధ్య ఎర్రగా ఉంటే రాగి.

మిగిలింది ఫ్యూజు. "సరైన ఫ్యూజు వెయ్యాలి" అంటే ఏమీ చెప్పనట్టే. ఫ్యూజు కాపాడేది వైరుని. కాబట్టి వైరు మొయ్యగల ఆంపియర్లకు మించకూడదు, బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. రిలే వైరుకి రెండు వైపులా బ్యాటరీలే, ఎటునుంచైనా కరెంటు దూకుతుంది గనక రెండు చివర్లా ఫ్యూజులు కావాలి. సెల్ఫ్ వైరు సంగతి వేరని ఒక వాక్యంలో చెప్పెయ్, దానికి మామూలుగా ఫ్యూజు పెట్టరు. ఈ ఫ్యూజు పేరా, స్విచ్ పేరా తిరిగి రాసి ముందు ఆ రెండే పంపు. పంపేలోపు మీ ఊళ్లో బోట్ల వైరింగ్ చేసే మేస్త్రికి చదివి వినిపించు. ఆయన ఎక్కడ మధ్యలో ఆపి "అదెట్టా?" అని అడిగాడో పెన్సిలుతో గుర్తుపెట్టి మరీ పంపు.

ఆశీస్సులతో,
మీ అన్న