నాన్న షష్టిపూర్తి, ప్రోనోటు బాకీ, నా జీతం

ప్రశ్న: నాకు 33 ఏళ్లు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికి 58 వేలు వస్తుంది. అద్దె 14 వేలు, అమ్మానాన్నలకు 12 వేలు, ఊళ్లో చీటీ 5 వేలు, బండి ఈఎంఐ 4 వేలు, క్రెడిట్ కార్డుకు 7 వేలు పోగా మిగిలిన 16 వేలతో నేను, నా భార్య, నాలుగేళ్ల పాప గడపాలి. కార్డు మీద 1,40,000 బాకీ ఉంది. చాలావరకు బంధువుల ఫంక్షన్లకు వాడిందే. ఈ సంగతి నా భార్యకు తెలియదు. చెల్లి పెళ్లికి నాన్న ఊళ్లో ఒకాయన దగ్గర ప్రోనోటు రాసి నాలుగు లక్షలు తెచ్చారు. రెండు రూపాయల వడ్డీ, ఇంతవరకు కట్టలేదు. ఉగాది వెళ్లాక నోటుకు మూడేళ్లు నిండుతాయి. ఇప్పుడు మాఘంలో నాన్న షష్టిపూర్తి. ‘పెద్దకొడుకువి, ఘనంగా చెయ్యాలి’ అని బాబాయ్, మేనత్త పట్టుబడుతున్నారు. మూడు లక్షలకు తక్కువ కాదట. నాన్న ఏమీ అనడం లేదు. నాకు ఎవరినీ కాదనడం చేతకాదు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీ ఉత్తరంలో నాకు దుబారా కనబడలేదు. కనబడిందల్లా ఒకటే, మీ ఇంట్లో మొత్తం లెక్క మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు. నాన్నగారికి నోటు సంగతి తెలుసు, మీ కార్డు సంగతి తెలియదు. మీ భార్యకు కార్డు బాకీ తెలియదు. బాబాయ్‌గారికి, మేనత్తగారికి ఏ మేరకు తెలుసో మీరు రాయలేదు గానీ, ఎవరు అడిగినా మీరు ఇస్తున్నారు కాబట్టి మీ దగ్గర ఉందనే అనుకుంటారు. అలా అనుకునేవాళ్లు మూడు లక్షలు అంటే అది వాళ్ల తప్పు కాదు.

ముందు మీ భార్యకు చెప్పండి. పాప నిద్రపోయాక కార్డు స్టేట్‌మెంట్ తెరిచి చూపించండి. ఆవిడకు కోపం వస్తుంది, రావాలి కూడా. పదహారు వేలతో పాలు, కూరగాయలు, గ్యాసు, పాప మందులు, స్కూలు ఆటో అన్నీ సర్దుతున్న మనిషి ఆవిడ. ‘మావాళ్ల కోసమే కదా’ అని సమర్థించుకోకండి. ‘నీ దగ్గర దాచాను, తప్పే, ఇకనుంచి ఇద్దరం కలిసి చూసుకుందాం’ అనండి చాలు. ఇంకో మాట. ఈ బాకీల కోసం ఆవిడ పుట్టింటి బంగారం అడగకండి. తనంతట తాను ఇస్తానన్నా నాలుగు రోజులు ఆగి, మళ్లీ అడిగి, అప్పుడు నిర్ణయించుకోండి.

ఇప్పుడు కార్డు. మీరు కడుతున్న ఏడు వేలు మినిమమ్ డ్యూ అయ్యుంటుంది. కార్డు వడ్డీ సాధారణంగా నెలకు మూడున్నర శాతం దాకా ఉంటుంది. ఆ లెక్కన 1,40,000కు నెలకు 4,900 వడ్డీ, దాని మీద 18 శాతం జీఎస్టీ 882. అంటే మీ ఏడు వేలలో అసలుకు జమ అయ్యేది పన్నెండు వందలు. మళ్లీ ఏ ఫంక్షన్‌కో ఒక పట్టుచీర కొంటే అదీ చెల్లు. మీరు ఎంత కడుతున్నా బాకీ కదలకపోవడానికి కారణం ఇదే.

మీ చీటీ ఎంతదో, ఎన్ని నెలలు మిగిలిందో రాయలేదు. లక్ష రూపాయల చీటీ అనుకుంటాను. ఈ నెలే పాడుకోండి. పాటలో పది, పన్నెండు వేలు పోయినా సరే, ఏడాదికి నలభై శాతం పైచిలుకు వడ్డీ మీద అది లాభమే. వచ్చిన 88 వేలో, 90 వేలో అదే రోజు కార్డుకు కట్టేయండి. మిగిలిన యాభై వేల చిల్లరకు ఇప్పుడు కడుతున్న ఏడు వేలే కడుతూ పోతే పది నెలల్లో తీరిపోతుంది. ఆ పది నెలలూ కార్డు మీ దగ్గర ఉండకూడదు, ఫోన్ యాప్‌ల్లో కూడా దాని నంబరు తీసేయండి. ఈ చీటీ అయ్యాక మళ్లీ ఊళ్లో చీటీ వేయకండి. 1982 చిట్‌ఫండ్ చట్టం ప్రకారం రిజిస్టర్ కాని చీటీలో నడిపేవాళ్లు చేతులెత్తేస్తే మీ చేతిలో ఏమీ ఉండదు. బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌కు అయితే ఐదు లక్షల దాకా బీమా ఉంటుంది.

నాకు అసలు భయం వేసింది ప్రోనోటు గురించి చదివినప్పుడు. మన ఊళ్లలో మూడేళ్లు నిండేలోపు నోటు తిరగరాయమంటారు. కాలపరిమితి దాటితే కోర్టులో చెల్లదని అప్పిచ్చినవాళ్ల జాగ్రత్త. తిరగరాసేటప్పుడు వడ్డీని అసలులో కలిపేస్తారు. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. నాలుగు లక్షలకు మూడేళ్ల వడ్డీ 2,88,000. కొత్త నోటు 6,88,000కు రాస్తారు. ఆ రోజు నుంచి నెలకు 13,760 వడ్డీ పెరుగుతుంటుంది, అంటే మీరు ఇంటికి పంపే డబ్బు కంటే ఎక్కువ. ఇంకో మూడేళ్లు ఇలాగే వదిలేస్తే బాకీ పన్నెండు లక్షలకు చేరువవుతుంది. ఎకరమో, అరెకరమో పొలాలు పోయేది సాధారణంగా ఈ రెండోసారి తిరగరాతలోనే.

కాబట్టి షష్టిపూర్తి కంటే ముందు నోటు సంగతి చూడాలి. అమ్మగారి దగ్గర బంగారం ఉంటే, ఆవిడ ఒప్పుకుంటే, బ్యాంకులో కుదువ పెట్టి ఈ బాకీ తీర్చండి. బ్యాంకుల్లో బంగారు రుణం వడ్డీ సాధారణంగా ఏడాదికి తొమ్మిది, పది శాతం దరిదాపుల్లో ఉంటుంది. అదే 6,88,000కు నెలకు ఐదున్నర వేల చిల్లర. బంగారం అంత లేకపోతే వచ్చినంతే తెచ్చి కొంత కట్టండి, బాకీ ఎంత తగ్గితే అంత మేలు. ఒకేసారి కట్టేస్తామంటే వడ్డీలో కొంత తగ్గించేవాళ్లు ఉంటారు, పెద్దమనిషిని ఒకరిని పెట్టుకుని అడగండి. అడగడం నామోషీ కాదు. బంగారు రుణాన్ని కూడా కట్టకుండా వదిలేస్తే నగలు వేలానికి పోతాయి. కార్డు, చీటీ రెండూ తీరాక మిగిలే 12 వేలు నేరుగా దానికే వెళ్లాలి. అప్పటిదాకా వడ్డీ వరకైనా పంట డబ్బులతో కడతారేమో నాన్నగారితో మాట్లాడుకోండి.

ఇక షష్టిపూర్తి. బాబాయ్ ఏమన్నారో, మేనత్త ఏమన్నారో రాశారు గానీ, నాన్నగారిని మీరు అడిగినట్టు ఎక్కడా రాయలేదు. ఆయన మౌనాన్ని మీరు కోరికగా అర్థం చేసుకుంటున్నారు. కూతురి పెళ్లి బాకీ తలమీద ఉన్న తండ్రికి మూడు లక్షల ఫంక్షన్ మాట వింటే గుండె దడ కూడా పుట్టొచ్చు. ఫోన్‌లో కాదు, ఊరు వెళ్లి, పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి. ‘నాన్నా, నీకు ఎలా చేస్తే బాగుంటుంది?’ అని అడిగి, ఆయన చెప్పేదాకా ఆగండి. మీ కార్డు సంగతి కూడా అప్పుడే చెప్పండి.

ఘనంగానే కావాలని ఆయన అంటే? ఆ కోరికను చులకన చేయకండి. అరవై ఏళ్లు కష్టపడిన మనిషికి నలుగురి ముందు ఒకరోజు గౌరవం కావాలనిపించడం న్యాయమే. కానీ ఆయుష్షు హోమానికి, అమ్మానాన్నలు మళ్లీ పీటల మీద కూర్చోవడానికి, పురోహితుడి సంభావనకు, దగ్గరి బంధువులకు అరిటాకులో భోజనానికి మూడు లక్షలు కావు. ఖర్చంతా ఏసీ హాలు, డ్రోన్ వీడియో, ఐదొందలమందికి క్యాటరింగ్, రిటర్న్ గిఫ్టులు, అందరికీ బట్టలు పెట్టడం దగ్గర ఉంటుంది. ఊళ్లో గుడి దగ్గర, అరవైమందితో చేయండి. మీ చెల్లి, బావగారు కూడా ఓ చెయ్యి వేస్తామంటే వద్దనకండి, ఆవిడా నాన్నగారి బిడ్డే.

బాబాయ్‌గారికి మీరు వివరణలు ఇవ్వనక్కర్లేదు. ‘బాబాయ్, గుడి దగ్గర చేద్దామని నాన్న, నేను అనుకున్నాం. నా వల్ల అరవై వేలు అవుతుంది. వంటల బాధ్యత మీరు చూసుకుంటే నాకు కొండంత ధైర్యం’ అనండి. అంకె చెప్పి, వెంటనే పని అప్పగించండి. కొత్త అప్పు లేకుండా ఆ అరవై వేలు కూడా కూడకపోతే అంకె తగ్గించి చెప్పండి. ‘అందరూ ఏమనుకుంటారు’ అంటారు. ‘అనుకుంటారు బాబాయ్’ అని ఊరుకోండి. మొదటిసారి నోరు పెగలదు. మీ భార్య ముందు ఆ వాక్యం ఓసారి పైకి అని చూడండి, నిజంగా పనిచేస్తుంది.

మిగతా ఫంక్షన్లకు మీ పెళ్లి చదివింపుల పుస్తకం తీయండి. ఎవరు 516 రాయించారో, ఎవరు 1,116 రాయించారో అందులో ఉంటుంది. అంతే తిరిగి రాయించండి, కాస్త కలిపినా వందల్లోనే. ఊళ్లో ఫంక్షన్లకు నాన్నగారు ఒకటి, మీరు వేరుగా ఒకటి చదివిస్తున్నారేమో చూసుకోండి. ఒక ఇంటి నుంచి ఒక చదివింపు చాలు.

ఇంటికి పంపే 12 వేలు తగ్గించమని నేను చెప్పను. నెలలో ఒకే తేదీన పంపండి, మధ్యలో అడిగినప్పుడు ‘వచ్చే నెల చూద్దాం’ అనండి. అమ్మానాన్నలకు ఎన్టీఆర్ వైద్య సేవ వర్తిస్తుందో లేదో ఈసారి ఊరెళ్లినప్పుడే కనుక్కోండి. ఒక్క ఆపరేషన్ ఖర్చు మీద పడితే ఈ లెక్కలన్నీ తారుమారవుతాయి.

నిద్ర గురించి. భార్యకు చెప్పాక కొంత తేలికపడతారు. అయినా రెండు మూడు వారాలు ఇలాగే ఉంటే డాక్టర్‌ను కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు, ఉచితం.

నోటు బాకీ కట్టేటప్పుడు ఇద్దరు సాక్షులను తీసుకెళ్లండి. కొంతే కడితే నోటు వెనక తేదీతో చెల్లు రాయించి, దాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి. పూర్తిగా కడితే అసలు నోటు మీ చేతికి వచ్చాకే డబ్బు ఇవ్వండి. ‘ఇంట్లో ఎక్కడో ఉంది, తర్వాత ఇస్తాలే’ అంటే మీరూ తర్వాతే ఇస్తామనండి.